మూలుగ ఇచ్చే సాక్ష్యం

2021 జూన్ 9న తెలంగాణ ప్రభుత్వం 19 జిల్లాల్లో డయాగ్నస్టిక్ కేంద్రాలు తెరిచింది. వాటిలో గద్వాల ఒకటి. ఊళ్లోని పీహెచ్‌సీలో తీసిన రక్తం అక్కడికి వెళ్తుంది, 57 రకాల పరీక్షలకు పైసా అక్కర్లేదన్నారు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల లెక్క ఇప్పుడు టీ కొట్టు దగ్గర కూడా వినిపించే మాటే.

ఆ లెక్క యంత్రం చేస్తుంది. ఒక్కోసారి పొరబడుతుంది కూడా. రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపుకడతాయి. యంత్రం ఆ గుంపుల్ని వదిలేసి తక్కువ అంకె చూపిస్తుంది. అప్పుడు తగువు తీర్చేది పాత పద్ధతే. గాజు స్లైడు మీద రక్తపు చుక్క పెట్టి, ఇంకో స్లైడు అంచుని ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపున లాగుతారు. ఆరాక లీష్మన్ రంగు పోస్తారు. బ్రిటిష్ సైనిక వైద్యుడు విలియం లీష్మన్ 1901లో రూపొందించిన ఈ రంగు మన ల్యాబుల్లో నేటికీ వాడుకలోనే ఉంది. తెల్లకణాల కేంద్రకాలు ఊదాగా తేలతాయి. ఎదగని పసికణాలు, డాక్టర్ల మాటలో బ్లాస్టులు, కనిపించాయా, ఇక ఎముకల్లోని మూలుగ చూడాల్సిందే.

ఒకప్పుడు అందుకు ఎముక కోయాలి, లేదా మనిషి పోయాక శవపరీక్షలో చూడాలి. 1927లో లెనిన్‌గ్రాడ్‌లో మిఖాయిల్ అరింకిన్ రొమ్ము ఎముకలోకి సూది దించి మూలుగ పీల్చాడు. ఇప్పుడు ఎక్కువగా తుంటి ఎముక వెనక భాగం నుంచి తీస్తున్నారు. మత్తు సూది చర్మానికీ ఎముక పైపొరకీ పనిచేస్తుంది గానీ, సిరంజి లాగినప్పటి ఆ గుంజుడుని ఆపలేదు.

ఈ మూలుగ పరీక్షకు మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు కథతో గట్టి చుట్టరికమే ఉంది. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాని సమ్మేళనాలను లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, మూలుగలో జబ్బు ఇంకా ఉరకలెత్తింది. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు ఇస్తే? లెడర్లీ నుంచి అలాంటి మందు అమినాప్టెరిన్ వెళ్లింది. 1948 జూన్‌లో అచ్చయిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది, కొంతకాలమే అయినా. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అయినా రక్త క్యాన్సర్ అనుమానం తగిలితే చాలామంది చూపు హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి వైపో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వైపో మళ్లుతుంది. బాగా ఆరిన స్లైడు ప్రయాణం తట్టుకుంటుంది. కణాల రకం తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు మాత్రం బతికున్న కణాలు కావాలి; ఆ గొట్టం ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేరాలి.