వంకరపోయిన వేళ్లకు పని నేర్పిన కథ

రాయగడ జిల్లా మునిగుడలోని లెప్రా ఆసుపత్రిలో కుష్ఠువల్ల వంకరపోయిన చేతులను ఆపరేషన్ చేసి సరిచేస్తారు. ఆ వైద్యానికి దారి 1947లో చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో పడింది. వేలూరు నుంచి అక్కడికి వెళ్లిన డాక్టర్ పాల్ బ్రాండ్, వేళ్లు లోపలికి ముడుచుకుపోయిన ఒక రోగికి చెయ్యి అందించి, గట్టిగా పట్టుకోమన్నాడు. ఆ పట్టుకు డాక్టరుకే నొప్పి పుట్టింది. చచ్చుబడిందనుకున్న చేతిలో అంత బలమెక్కడిది?

మోచేతి దగ్గర ఉల్నార్ నరం దెబ్బతింటే అరచేతిలోని చిన్న కండరాలు పడిపోతాయి. ముంజేతి కండరాల్లో చాలావరకు నిక్షేపంగా ఉంటాయి. 1948లో బ్రాండ్ వేలూరులో ఆ మిగిలిన బలాన్నే వాడుకున్నాడు. మధ్యవేలిని మడిచే రెండు టెండన్లలో (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలో) ఒకదాన్ని తీసి, నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్లకూ కుట్టే పద్ధతి అలా అక్కడ నిలదొక్కుకుంది.

అసలు శ్రమ ఆ తర్వాతే. మూడు వారాలకు పిండికట్టు విప్పుతారు. ఒక వేలిని మడిచే కండరానికి ఇప్పుడు నాలుగు వేళ్ల పని. ఆ సంగతి మెదడుకు తెలియదు. అందుకే థెరపిస్టు ఎదురుగా కూర్చుని "మధ్యవేలు మడువు" అంటుంది. మడవబోతే నాలుగు వేళ్లూ మొదళ్ల దగ్గర వంగి, కొసలు తిన్నగా చాచుకుంటాయి. రోజూ అదే సాధన. తర్వాత గింజలు ఏరడం, అన్నం కలిపి ముద్ద ఎత్తడం. కత్తి చేసింది సగం పనేనని నా గట్టి నమ్మకం.

ఇంతా చేసి, బాగుపడిన చేతులు కొత్త గాయాలతో తిరిగొచ్చేవి. ఒకసారి తుప్పు పట్టిన తాళం బ్రాండుకు రాలేదు. ఓ కుర్రాడు తాళంచెవి అందుకుని అవలీలగా తిప్పేశాడు. వేలు ఎముకదాకా తెగి నెత్తురు కారుతున్నా వాడికి తెలియలేదు. కుష్ఠు వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయన్నది అపోహేననీ, స్పర్శ లేని చేతిని దెబ్బలే తినేస్తున్నాయనీ బ్రాండ్ గ్రహించాడు. 1951లో వేలూరులో మొదలైన నవజీవన కేంద్రంలో రోగులకు వడ్రంగం నేర్పుతూనే, చేతులు ఎలా కాచుకోవాలో నేర్పారు. సన్నటి పిడి అరచేతిని కోస్తుంది, లావుపాటి పిడి కొయ్యదు. రాత్రిపూట చేతులు పరీక్షగా చూసుకోవడం కూడా వైద్యమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1950లో, కమలా నింబ్కర్ బొంబాయిలో దేశపు తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల తెరిచారు. పని చేయిస్తూ చేతిని బాగుచెయ్యడం ఒక చదువైంది.

1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాక కుష్ఠు పూర్తిగా నయమవుతోంది. ఒంటిమీద స్పర్శ లేని మచ్చ కనిపించినా, చిటికెన వేలు తిమ్మిరెక్కినా ఆశా కార్యకర్తకు చెప్పండి. మందులు ఉచితం. నరం దెబ్బతిన్న ఆరు నెలల్లోపు వస్తే చాలామందికి ఆపరేషన్ దాకా పోదు.