ఓసియను కావ్యములు : గేలిక్ గేయసంప్రదాయ ప్రామాణ్యము

ఒక జాతి వాఙ్మయమునకు వ్రాతప్రతి ప్రమాణమా, గాయకుని జ్ఞాపకము ప్రమాణమా యను ప్రశ్న మౌఖిక సాహిత్యమును పరిశీలించు వారికందఱికిని ఎదురగుచునే యుండును. ఐరోపాఖండమున నీ ప్రశ్న పెద్దయెత్తున చర్చకు వచ్చుటకు కారణమైనది స్కాట్లండు దేశమున పుట్టిన ఓసియను వివాదము. 1760లో ప్రారంభమైన యీ వివాదము అర్ధశతాబ్దికి పైగా సాగెను. దీనిని గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది జేమ్సు మాక్‌ఫర్సన్ కవియా, కూటకర్తయా యను విచారణకే ప్రాధాన్యమిచ్చిరి. ఈ వ్యాసమున పరిశీలింపదలచినది వేఱొక యంశము. ఎవరి గాథల పేరిట నా కావ్యములు వెలువడెనో ఆ గేలిక్ గాయకులకు దానివలన కలిగిన లాభనష్టములెట్టివి? వారి సంప్రదాయము నిజముగా నుండెనని తుదకు ఏ మార్గమున నిరూపితమైనది?

స్కాట్లండునకు ఉత్తరమునను పడమటను గల కొండసీమకు హైలాండ్సు అనియు, పశ్చిమ సముద్రమునందలి దీవులకు హెబ్రిడీసు అనియు పేర్లు. ఈ ప్రాంతముల ప్రాచీన భాష గేలిక్. ఇది ఐర్లండు భాషకు తోబుట్టువు. ఇంగ్లీషునకు దూరపు భాష. ఐర్లండుతో భాషయే గాక వీరగాథలును ఈ సీమవారికి ఉమ్మడి సొత్తు. ఆ గాథల నాయకుడు ఫిన్. అతని యోధగణము ఫియన్నులు, కుమారుడు ఒషీన్, మనుమడు ఆస్కారు. తనవారందఱు గతించిన పిమ్మట ఒషీన్ వృద్ధుడై జీవించి యుండి, క్రైస్తవమును తెచ్చిన పాట్రిక్ మునికి పూర్వవీరుల కథలు చెప్పెనని ఐతిహ్యము. ఈ కథలు శతాబ్దులపాటు పాటలుగను వచనముగను ప్రచారమున నుండెను. పర్తుషైరు నందలి ఫార్టింగలు గ్రామమున జేమ్సు మాక్‌గ్రెగర్ అను మతాధికారి 1512 - 1542 సంవత్సరముల నడుమ కూర్చిన లిజ్‌మోర్ డీను గ్రంథమను వ్రాతప్రతియందు ఇట్టి పాటలనేకము గలవు. అతడు గేలిక్ పదములను గేలిక్ వర్ణక్రమమున గాక, స్కాట్ల భాష వర్ణక్రమమున ధ్వనిననుసరించి వ్రాసికొనుటచే ఆ ప్రతిని చదువుట తరువాతివారికి మిక్కిలి కష్టమయ్యెను.

1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధమున జాకొబైట్ పక్షమునకు సంభవించిన పరాజయము హైలాండ్సు చరిత్రను మార్చివేసెను. ప్రభుత్వము ఆయుధధారణమును, కొండసీమ వేషధారణమును శాసనముచే నిషేధించెను. వేషనిషేధము 1782 వఱకు అమలునందుండెను. కులపెద్దలకు తమ వారిపైగల న్యాయాధికారము రద్దయ్యెను. అంతకు పూర్వమే 1709లో స్థాపితమైన క్రైస్తవ విద్యాప్రచార సంఘము తన పాఠశాలలలో గేలిక్‌ను తొలగించి ఇంగ్లీషును నెలకొల్ప యత్నించుచుండెను. ఇట్లు ఒక భాష అనాగరికమని త్రోసివేయబడుచున్న కాలమున దాని గౌరవమునకు సాక్ష్యము చెప్పగలిగినవి దాని పాటలే. మాక్‌ఫర్సన్ చేసిన పని మంచిచెడ్డలను ఈ పరిస్థితిని దృష్టియందుంచుకొనియే నిర్ణయింపవలెను.

మాక్‌ఫర్సన్ 1736లో బాడెనాక్ సీమయందలి రూత్‌వెన్ గ్రామమున జన్మించెను. గేలిక్ అతని మాతృభాష. కల్లోడెన్ నాటికి తొమ్మిది, పదియేండ్ల బాలుడు. అబర్డీనులో చదివి, ఉపాధ్యాయుడుగ పనిచేసి, 1759లో మోఫట్ పట్టణమున నాటకకర్త జాన్ హోమ్‌ను కలిసికొనెను. గేలిక్ గేయములను గూర్చి తెలిసికొన కుతూహలపడిన హోమ్‌నకు ఆస్కారు మరణమను ఖండికను ఇంగ్లీషు వచనమున వ్రాసి యిచ్చెను. ఎడింబరో పండితుడు హ్యూ బ్లెయిర్ దానిని చూచి ముగ్ధుడై అతనిని ప్రోత్సహించెను. 1760లో పదునైదు ఖండికల చిన్న సంపుటము వెలువడెను. పిమ్మట పండితులు చందాలు సేకరించి యిచ్చిన ధనముతో మాక్‌ఫర్సన్ హైలాండ్సునందును దీవులయందును పర్యటించి, పాటలు విని వ్రాసికొనెను, వ్రాతప్రతులు సంపాదించెను. లిజ్‌మోర్ డీను గ్రంథము కూడ ఆ పర్యటనమున అతనికి లభించినదేయని పండితుల యభిప్రాయము. ఇంతవఱకు అతడు చేసినది నిజమైన సేకరణమే.

చిక్కు దీని తరువాత ఏర్పడినది. 1762 సంవత్సరాంకముతో ఆరు సర్గల ఫింగల్ కావ్యమును, 1763లో ఎనిమిది సర్గల టెమొరా కావ్యమును ప్రకటించి, ఇవి క్రీస్తుశకము మూడవ శతాబ్దినాటి ఓసియను కవి రచనలకు యథాతథానువాదములని అతడు చెప్పెను. ఓసియను అనగా ఒషీనే. ఫింగల్ అనగా ఫిన్. హోమరు కావ్యములతో సమానమగు ఇతిహాసము ఉత్తరదేశమున లభించినదని లోకము విశ్వసించెను. గేలిక్ గాయకులు పాడునవి విడివిడి గాథలు. సర్గబద్ధమైన మహాకావ్యమును వారెవ్వరును పాడి యుండలేదు. విడిగాథలకు విలువ లేదనియు, మహాకావ్యమున్ననే జాతికి గౌరవమనియు నాటి పండితులకు గల భావమునకు అతడు లోబడెనని చెప్పవచ్చును.

విదేశములయందు ఈ గ్రంథములు పొందిన ప్రచారము అసాధారణమైనది. 1763లోనే చెసరోట్టి ఇటాలియనులోనికి అనువదింప మొదలిడెను. నెపోలియను చదివి మెచ్చినది ఆ యనువాదమునే. 1774లో గోథే తన వెర్తర్ నవలయందు ఓసియను భాగములను చేర్చెను. అమెరికాలో జెఫర్సన్ 1773లో మాక్‌ఫర్సన్ బంధువునకు లేఖ వ్రాసి గేలిక్ మూలములను, ఆ భాష నేర్చుకొనుటకు తగిన గ్రంథములను పంపవలసినదిగా కోరెను. స్టాఫా ద్వీపమందలి గుహకు 1772 నుండి ఫింగల్ పేరు వ్యాప్తిలోనికి వచ్చెను. 1829లో ఆ ద్వీపమును దర్శించిన మెండెల్‌జోన్ పేర హెబ్రిడీసు సంగీతరచన నేటికిని ప్రసిద్ధము. వీనియన్నిటికంటె ముఖ్యమైన ఫలము జర్మనీలో కలిగెను. హెర్డర్ 1773లో ఓసియనును గూర్చి వ్యాసము వ్రాసి, సామాన్యజనుల పాటలయందే జాతిహృదయము వ్యక్తమగునని ప్రతిపాదించి, 1778 - 79లో వివిధ జాతుల జానపదగేయములను సంకలనము చేసెను. ఫిన్లండులో 1835లో లోన్‌రాట్ ప్రకటించిన కలెవలా ఇట్టి భావవాతావరణమున వెలువడినదే. మూలము సందిగ్ధమైనను దాని ప్రేరణముచే జరిగిన కృషి సత్యమైనది.

స్వదేశమున సందేహములు తొందరగనే పుట్టెను. ఫిన్ వృత్తాంతము ఐర్లండునకును చెందినదనియు, మాక్‌ఫర్సన్ దానిని స్కాట్లండునకు మాత్రమే అంటగట్టెననియు చార్లెసు ఓ కానర్ మొదలగు ఐరిష్ పండితులు ఆక్షేపించిరి. మొదట అనుకూలుడైన డేవిడ్ హ్యూమ్ 1763లో బ్లెయిర్‌నకు లేఖ వ్రాసి, హైలాండ్సునందలి మతగురువులనుండి స్పష్టమైన సాక్ష్యములు తెప్పింపుమని కోరెను. క్రమముగా అతని విశ్వాసము సడలిపోయెను. డాక్టర్ జాన్సన్ 1773లో హెబ్రిడీసు దీవులలో పర్యటించి 1775లో తన యాత్రాగ్రంథమును ప్రకటించెను. నూఱేండ్ల ప్రాచీనతకు నిదర్శనము గల గేలిక్ పద్యపాదములు ఐదువందలైనను దొరకవని అతని వాదము. ఓసియను గ్రంథము మూలానుసారి కాదను విషయమున అతడు చెప్పినది నిజమే. కాని గేలిక్ భాష యెఱుగని యాతడు వ్రాతప్రతులు లేనిచో వాఙ్మయమే లేదని నిశ్చయించుట తప్పు. అతడు లేదన్న వాఙ్మయము రెండువందల యేండ్లనాటి వ్రాతప్రతియందును, దీవులయందలి గాయకుల నోటను గూడ నుండెను.

ఈ చరిత్రకు మన దేశముతోడను సంబంధము గలదు. మాక్‌ఫర్సన్ 1781 ప్రాంతమున ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజాకు లండనులో ప్రతినిధియయ్యెను. అంతకు ముందే 1779లో నవాబు పక్షమున ఈస్టిండియా కంపెనీ చరిత్రను గూర్చి గ్రంథము వ్రాసి యుండెను. తెలుగుసీమలోని నెల్లూరు ప్రాంతము నాడు ఆ నవాబు రాజ్యములోనిదే. ఈ కొలువువలన లభించిన ధనము అతడు జన్మస్థలమునకు సమీపమున భవనము కట్టించుకొనుటకు తోడ్పడెను. మఱియొక విశేషమేమన, 1784 ప్రాంతమున హిందూదేశమున ఉద్యోగములందున్న హైలాండ్సువారు చందాలు వేసికొని, గేలిక్ మూలములను అచ్చువేయించుటకై సుమారు 1,000 పౌనులు లండనునకు పంపిరి. సముద్రములకావల నున్న యా ప్రవాసులు కోరినది ఇంగ్లీషు కావ్యమును కాదు. తమ తల్లుల నోట వినిన భాషను. మాక్‌ఫర్సన్ ప్రచురింతునని మాటయిచ్చెను గాని 1796లో మరణించునాటికి అది నెఱవేఱలేదు.

అతని మరణానంతరము సత్యాన్వేషణము క్రమబద్ధమైనది. స్కాట్లండు హైలాండ్ సంఘము 1797లో హెన్రీ మెకంజీ అధ్యక్షతన ఉపసంఘమును నియమించెను. ఆ సంఘమువారు ప్రశ్నావళిని సిద్ధపఱచి కొండసీమకును దీవులకును పంపిరి. ఈ పాటలను ఎవరు పాడగా వింటిరి, పాడువారిప్పుడు జీవించి యున్నారా, వారి పాఠమును వ్రాసి పంపగలరా యని విచారించిరి. 1805లో వెలువడిన నివేదిక నిర్ణయములు సంగ్రహముగ నివి. ఫియన్నుల గాథలు హైలాండ్సునందు విస్తారముగ ప్రచారమున నుండెననుట నిజము. కాని మాక్‌ఫర్సన్ ముద్రించిన కావ్యములతో పేరునందును విషయమునందును ఏకీభవించు పద్యమొక్కటియు లభింపలేదు. లోపించినచోట్ల అతడు స్వయముగ పూరించెననియు, మోటుదనముగ దోచినదానిని మెఱుగుపెట్టెననియు సంఘమువారు భావించిరి. అదే సంవత్సరమున మాల్కం లెయింగ్ ఆ కావ్యములయందు బైబిలునకును, హోమరునకును, మిల్టనునకును గల ఋణమును ఎత్తిచూపెను. 1807లో లండను హైలాండ్ సంఘమువారు ఓసియను మూలమను పేర గేలిక్ పాఠమును ప్రకటించిరి గాని, అది ఇంగ్లీషునుండి గేలిక్‌లోనికి మార్చబడినదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. ప్రవాసులు ఆశించిన తల్లిపలుకు అందు లేదు.

ఇచ్చట రెండు ప్రశ్నలను వేఱుచేసి చూడవలెను. గేలిక్ వీరగాథలు ఉండెనా యనునది మొదటిది. మాక్‌ఫర్సన్ ముద్రించినది అవియేనా యనునది రెండవది. మొదటిదానికి ఔననియు, రెండవదానికి కాదనియు సమాధానము. నాటి వాదులు రెంటిని ఏకము చేసిరి. మెచ్చినవారు గాయకులు పాడని దానిని వారిదని మెచ్చిరి. నిందించినవారు గాయకులు పాడుచున్నదానిని సైతము లేదనిరి. ఉభయపక్షములయందును నష్టపోయినవాడు గాయకుడే. ఓసియను పేరు అపకీర్తి పాలగుటచే నిజమైన గాథలను తెచ్చిన వారును అనుమానమునకు గుఱికావలసి వచ్చెను.

ఈ దోషమునకు పరిహారము చూపినవాడు ఐలే దీవికి చెందిన జె. ఎఫ్. కాంబెల్. ఇతడు 1860 - 62లో పశ్చిమ హైలాండ్సు జానపదకథలను నాలుగు సంపుటములుగ ప్రకటించెను. ఇతని పద్ధతి సరళమైనది. చెప్పినవాని మాటను మార్పక వ్రాసికొనుట. గేలిక్ పాఠమును, ఇంగ్లీషు అనువాదమును ప్రక్కప్రక్కన చేర్చుట. చెప్పినవాని పేరు, ఊరు, వృత్తి, సంవత్సరము తెలుపుట. పక్షుల యుద్ధమను కథ క్రింద ఇన్వరారీ సమీపమునందలి జాన్ మెకంజీ అను జాలరి 1859లో చెప్పినట్లు కనబడును. ఓసియనును మూడవ శతాబ్దికి జేర్చిన మాక్‌ఫర్సన్ తనకు పాటలు వినిపించిన గాయకులను పాఠకునకు చూపడయ్యెను. కాంబెల్ జాలరిని జాలరిగనే చూపెను. అతని కథకు అదియే ప్రామాణ్యము. మొదట ఓసియను పక్షమున కొంత సానుభూతి గల కాంబెల్, సేకరణము సాగిన కొలది తన యభిప్రాయమును మార్చుకొనెను. 1872లో లివర్ నా ఫేన్యె అను సంకలనమున 1512 మొదలు తన కాలమువఱకు లభించిన వీరగేయములను పాఠాంతరములతో గూర్చెను. అందలి పాదములు ఏబదివేలకు పైబడినవి. ఐదువందలు దొరకవన్న వాదమునకు ఇంతకంటె సమాధానమక్కఱలేదు.

1952లో డెరిక్ థామ్సన్ మాక్‌ఫర్సన్ ఆధారములను పరిశోధించి, ఫింగల్ మొదలగు కావ్యముల వెనుక నిజమైన గేలిక్ గాథలు కొన్ని గలవనియు, వానిని అతడు స్వేచ్ఛగా మార్చి కలిపివేసెననియు స్థాపించెను. అందుచేత కేవల కూటరచన యనుటయు సరికాదు. ఇంతలో గేలిక్ ప్రజలు పెక్కురు దేశము విడిచిపోయిరి. 1773లో హెక్టరు నౌక సుమారు 200 మందిని నోవాస్కోషియాలోని పిక్టూ రేవునకు చేర్చెను; తరువాత వలసపోయినవారిలో ననేకులు కేప్ బ్రెటన్ దీవియందు స్థిరపడిరి. 1937లో జాన్ లార్న్ కాంబెల్ ఆ దీవికి పోయి, స్కాట్లండునుండి తరతరములుగ వచ్చిన పాటలను ధ్వనిముద్రణము చేసెను. 1951లో ఎడింబరో విశ్వవిద్యాలయమున స్కాటిష్ అధ్యయన విభాగము స్థాపితమై, కాలమ్ మాక్లీన్ మొదలగువారు దీవులలో దిరిగి గాయకుల గొంతులనే భద్రపఱచిరి. 2010 నుండి ఆ ధ్వనిముద్రణములలో వేలకొలది ప్రపంచమున నెవ్వరికైనను వినుటకు లభించుచున్నవి. 2005లో స్కాట్లండు శాసనసభ గేలిక్ భాషాశాసనమును ఆమోదించెను. భాష మాటలాడువారి సంఖ్య మాత్రము నేటికిని స్వల్పమే.

మౌఖిక వాఙ్మయమును సేకరించువారు ఈ చరిత్రనుండి గ్రహింపదగినది స్పష్టము. పాటను పెద్దది చేయబూనిన ప్రేమ కూడ పాటకు హాని చేయగలదు. తునకగా దొరికినదానిని తునకగనే చూపవలెను. మోటుగ నున్నదానిని మోటుగనే నిలుపవలెను. లోపించినచోట లోపమని గుర్తుపెట్టవలెను. పాడినవాని పేరు, ఊరు, దినము వ్రాయుట ముద్రణమర్యాద మాత్రమే కాదు. అది సాక్ష్యమునకు మూలము. మాక్‌ఫర్సన్ విన్న గాయకుల పేర్లను పాటల ప్రక్కన నుంచి యుండినచో, ఆ వివాదమునకు ఏబదియేండ్లు పట్టియుండెడిది కాదు.