తుర్కీ భాష: విభక్తి, స్వామ్య ప్రత్యయములు

తురుష్క భాషాకుటుంబమున ప్రధానమైన తుర్కీలో నామమునకు మొదట బహువచన ప్రత్యయమును, పిదప స్వామ్య ప్రత్యయమును, తుదకు విభక్తి ప్రత్యయమును వరుసగా చేరును. ‘ఎవ్’ అనగా ఇల్లు, ‘ఎవ్‌లెర్’ ఇండ్లు, ‘ఎవ్‌లెరిమిజ్’ మా ఇండ్లు, ‘ఎవ్‌లెరిమిజ్‌దెన్’ మా ఇండ్లనుండి. తెలుగున విభక్తికి ముందు ‘ఇల్లు’ అను శబ్దము ‘ఇంటి’ అను ఔపవిభక్తిక రూపము దాల్చును. తుర్కీ ‘ఎవ్’కు అట్టి వికారము లేదు. ప్రత్యయమందలి అచ్చు మాత్రము ప్రకృతిలోని అచ్చు ననుసరించి మారును; కావుననే ‘ఇంటిలో’ అనుటకు ‘ఎవ్‌దె’ యనియు, ‘బడిలో’ అనుటకు ‘ఒకుల్‌దా’ యనియు నందురు.

స్వామ్యమును సూచించునపుడు తెలుగు ‘రాముని బంటు’ అని స్వామివాచకమునకు ప్రత్యయము చేర్చును. తుర్కీ స్వామ్యవస్తువునకును చేర్చును. ‘కుల్’ అనగా బంటు. ‘కులుమ్’ నా బంటు. ‘కులున్’ నీ బంటు. ‘కులు’ వాని బంటు. ఈ కడపటి రూపమే పారశీక లేఖనము ద్వారా ‘కులీ’ యై, కారా కోయున్లు తుర్కుమానుల వంశమునుండి వచ్చిన గోలకొండ ప్రభువుల నామములందు నిలిచినది: 1543లో మృతుడైన సుల్తాను కులీ, 1591లో హైదరాబాదు నిర్మించిన మహమ్మదు కులీ ఇందుకు నిదర్శనములు. ‘బేగం’ అను బిరుదమునందలి తుదిభాగమును ఉత్తమపురుష స్వామ్య ప్రత్యయముగా పండితులు విడదీయుదురు.