ప్రత్తిపాడులో పదకొండు గుర్తులు: తెలుగు వెబ్‌సైట్లు, ఫాంట్లు, లైసెన్సులు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పేరును కంప్యూటరు 11 గుర్తులుగా దాచుకుంటుంది: ప, పొల్లు, ర, త, పొల్లు, త, గుడి, ప, దీర్ఘం, డ, కొమ్ము. చదివేవారి కంటికి మాత్రం నాలుగు అక్షరాలే కనబడాలి. ప పక్కన క్రావడి ఎటు తిరగాలో, త కింద చేరే త వత్తు ఎంత చిన్నదవ్వాలో, తలకట్టు పోయి గుడి ఎక్కడ కూర్చోవాలో చెప్పే నియమాలు ఫాంటు ఫైలులోనే పట్టికలుగా ఉంటాయి. ఆంగ్ల ఫాంటులో అలాంటి పట్టిక ఊడినా పేజీ చదువుకోవచ్చు. తెలుగులో అది ఊడితే మాటే చెదిరిపోతుంది.

ఇది నేను పుస్తకం చదివి తెలుసుకున్న సంగతి కాదు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ల పేర్లు సేకరించి ఒక చిన్న వెబ్‌సైటులో పెడుతున్నాను. ఫోనులో పేజీ తొందరగా తెరుచుకోవాలని, సైటు తయారుచేసే కుర్రవాడు ఫాంటులోంచి అక్కర్లేదనుకున్న భాగాలన్నీ కోసేశాడు. తెలుగు గుర్తులన్నీ ఉన్నాయి, వాటిని కలిపే పట్టిక మాత్రం కోతలో పోయింది. మర్నాడు చూస్తే ప్రత్తిపాడు కాస్తా ‘ప్‌రత్‌తిపాడు’ అయింది. సత్తెనపల్లి ‘సత్‌తెనపల్‌లి’, బాపట్ల ‘బాపట్‌ల’ అయ్యాయి. వత్తు లేదు కనుక మంగళగిరి ఒక్కటే క్షేమంగా బయటపడింది. సరిచేద్దామని ఫాంటుతో వచ్చిన ఒప్పందం తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. ఫైలును కత్తిరించడం, మార్చడం, మరో రూపంలోకి తిప్పడం కుదరదని అందులో రాసి ఉంది. అసలు ఆ ఫాంటు కొన్నది పుస్తకం అచ్చు కోసం. సర్వరులో పెట్టి అందరికీ పంపే హక్కు అందులో లేనే లేదు. అంటే తప్పుగా కోసినా తప్పే, సరిగ్గా కోసినా తప్పే.

వెబ్‌సైటుకు ఫాంటు ఎంచుకునేటప్పుడు లైసెన్సును సాధారణంగా ఖర్చు లెక్కలో చూస్తారు. తెలుగు విషయంలో ధరకంటే ముందు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయని నా వాదం. ఆ ఫాంటు లేకపోయినా మన రాత మిగులుతుందా? అక్షరం చెడితే బాగుచేసుకునే హక్కు మనకుందా? మొదటి ప్రశ్నకు పాతికేళ్ల కిందటి తెలుగు పత్రికల సైట్లు జవాబు చెబుతాయి. రెండో దానికి మన ఊరి పేరే పెట్టుకున్న ఒక ఫాంటు చెబుతుంది.

తాళం పడిన రాత

1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, చూసేవారి కంప్యూటరులో లేని ఫాంటును కూడా పేజీతో పాటే పంపే ఏర్పాటు తెచ్చింది. తెలుగు పత్రికలకు అది నిజంగా వరం. కంప్యూటర్లలో తెలుగు లేని రోజులవి. అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న తెలుగువారు పొద్దున్నే లేచి సొంత జిల్లా వార్త చదవగలిగారంటే ఆ ఏర్పాటు పుణ్యమే. ఈనాడు తన సైటుకు సొంత ఫాంటు వాడుకుంది, వార్త మరొకటి వాడుకుంది. దేని అమరిక దానిదే.

చిక్కంతా ఆ అమరికలోనే ఉంది. ఆనాటి ఫాంటులో ఉన్నది 256 గళ్లు. రోమన్ అక్షరాల కోసం ఏర్పడిన ఆ గళ్లలోనే తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు, అక్షరాల ముక్కలు సర్దారు. ఏ ముక్క ఏ గడిలో పెట్టాలన్నది ఫాంటు చేసినవారి ఇష్టం. కనుక ఒక పత్రికలో ప్రత్తిపాడుకు పడే సంకేతాల వరుస వేరు, ఇంకో పత్రికలో వరుస వేరు. ఫాంటు తీసేస్తే రెండు చోట్లా మిగిలేది అర్థంలేని రోమన్ గుర్తుల పోగు. వెతికే యంత్రానికి కనబడేదీ అదే. రాత భాషకు చెందింది కాకుండా ఫాంటుకు చెందిందైపోయింది.

దానికి లైసెన్సు తాళం కూడా తోడైంది. ఈ ఏర్పాటు కోసం మైక్రోసాఫ్ట్ వాడిన ఈఓటీ అనే ఫాంటు ఫైలులో, ఈ ఫాంటు ఫలానా చిరునామా నుంచి వస్తేనే పనిచేయాలని రాసిపెట్టవచ్చు. ఫాంటును ఎవరూ ఎత్తుకుపోకుండా చేసిన కట్టుదిట్టం అది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఫైర్‌ఫాక్స్, క్రోమ్ ఈఓటీని ఎన్నడూ తీసుకోలేదు. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ స్వస్తి చెప్పింది. అలా తాళం వేసి దాచిన పాత పేజీని వేరే చిరునామాలోని భాండాగారం నుంచి తెరిస్తే, తాళం ఉంది, తాళంచెవి లేదు. అమరావతి స్తూపపు ఫలకం మీది ‘నాగబు’ను వేటూరి ప్రభాకరశాస్త్రి తొలి తెలుగు మాటగా గుర్తించగలిగారంటే, బ్రాహ్మి నేర్చిన ఎవరికైనా ఆ రాయి చదవడానికి వీలుగా ఉండబట్టే. 2000 సంవత్సరం నాటి మిర్చి ధరల వార్తకు ఆ భాగ్యం లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ ముడిని కొంతవరకు విప్పినవారు వెన్న నాగార్జున. ఆయన చేసిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత, పత్రికల ఫాంటు సంకేతాలను, ఏ ఫాంటుకైనా ఒకటే అయిన యూనికోడ్ సంకేతాల తెలుగులోకి మార్చి చూపేది. ఆ ఫాంటు మన దగ్గర ఉండనక్కర్లేదు. ఇక్కడ లైసెన్సు కోణంలో గమనించవలసింది ఒకటుంది: పద్మ ఫాంటును కాపీ చేయలేదు, ఫాంటు నుంచి రాతను విడదీసింది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినదీ ఆయనే. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడం కాకతాళీయం అనుకోను.

యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే అది మామూలు ఇళ్లకు చేరింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి పంచిపెట్టారు. రెడ్ హ్యాట్ 2004లో లోహిత్ ఫాంట్లను విడుదల చేసి, 2011లో వాటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సులోకి మార్చింది. డీటీపీ కేంద్రాలవారు ‘ఫాంటు’ అనీ, తెలుగు వికీలో రాసేవారు ‘ఖతి’ అనీ అనే వస్తువు, అప్పటికి గాని రాతకు యజమానిగా ఉండడం మాని తొడుగుగా మారలేదు.

చట్టం ఎంతవరకు

మన దేశంలో చట్టం దృష్టిలో అక్షరం ఆకారం వేరు, ఫాంటు ఫైలు వేరు. అక్షరరూపాలను కళాకృతిగా కాపీరైటు కింద నమోదు చేయడం కుదరదని 2002లో కాపీరైట్ బోర్డు ‘ఆనంద ఎక్స్‌పాండెడ్ ఇటాలిక్స్’ వ్యవహారంలో చెప్పింది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే ఆకారానికి 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్యకృతిగా లెక్కిస్తుంది. ఫాంటు ఫైలు కూడా ప్రోగ్రామే అనే వాదనకు ఆధారం అక్కడుంది. అమెరికాలో 1998 నాటి అడోబి, సదరన్ సాఫ్ట్‌వేర్ కేసులో కోర్టు ఆ వాదనను అంగీకరించింది.

వెబ్‌సైటు నడిపేవారిని నిజంగా కట్టేసేది మాత్రం ఒప్పందమే. పుస్తకం అచ్చుకు కొన్న ఫాంటు వెబ్‌కు చెల్లదు, వెబ్‌కు కొన్నది మొబైల్ యాప్‌కు చెల్లదు. విండోస్‌తో వచ్చిన గౌతమిని, నిర్మలను మన పేజీలో పేరుపెట్టి పిలవవచ్చు గాని, ఆ ఫైలును మన సర్వరులో పెట్టి పంచే హక్కు విండోస్ కొన్నంత మాత్రాన రాదు. వెబ్ లైసెన్సులు చాలావరకు నెలకు ఎన్నిసార్లు పేజీ తెరుచుకుందన్న లెక్కతో నడుస్తాయి. గుంటూరు యార్డులో మిర్చి ధరలు చెప్పే సైటు ఒకటి ఉందనుకోండి. సీజనులో టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీల మీద వచ్చి పడుతున్న రోజుల్లో రైతులు గంటకోసారి ధర చూసుకుంటారు. ఆ నెల లెక్క ఒప్పందం దాటిపోతుంది. ఎక్కువమందికి అక్కరకొచ్చిన నెలలోనే సైటు తప్పులో పడుతుంది. ప్రజలకు సమాచారమిచ్చే సైటుకు ఈ పద్ధతి నప్పదు.

ఇది ఫాంటు చేసేవారి మీద ఫిర్యాదు కాదు. తెలుగు ఫాంటు ఒకటి పూర్తిచేయాలంటే అచ్చులు, హల్లులు, గుణింతం, వత్తులు కలిపి వందల ఆకృతులు గీయాలి. ఒక్కో వత్తును ఒక్కో హల్లు కింద పెట్టి సరిచూడాలి. ఏళ్ల కష్టం అది. తాళం విరిచిన ఫాంట్లు మన డీటీపీ కేంద్రాల్లో ఒక పెన్‌డ్రైవు నుంచి ఇంకోదానికి ఎంత మామూలుగా వెళ్తాయో ఆ పని చేసేవారందరికీ తెలుసు. ఆ అలవాటుతోనే వెబ్‌లోకి వచ్చాం. అచ్చయిన కరపత్రంలో ఏ కాపీ ఫాంటు వాడారో ఎవరూ పట్టుకోలేరు. వెబ్‌సైటులో మాత్రం ఫైలే బయట ఉంటుంది. ఎవరైనా దించుకుని, అందులో రాసి ఉన్న యజమాని పేరు చదవవచ్చు.

గుంటూరు పేరున్న ఫాంటు

అహ్మదాబాదుకు చెందిన ఇండియన్ టైప్ ఫౌండ్రీ 2015లో ‘హింద్ గుంటూరు’ను విడుదల చేసింది. హింద్ కుటుంబంలో తెలుగు శాఖ ఇది. సన్నం నుంచి బొద్దు వరకు 5 రకాల మందాల్లో దొరుకుతుంది. తెర మీద మీటల పేర్లు, పట్టికల వంటి చిన్న రాతల కోసమని గీసింది. గీత మందం దాదాపు అంతటా ఒకటే. ఊళ్ల పేర్ల పట్టికకు దీన్ని పెట్టి చూశాను. పాత ఫోనులో కూడా త వత్తు, ట వత్తు అలుక్కుపోకుండా విడిగా కనబడ్డాయి. పేరులో గుంటూరు ఉందని మురిసి ఎంచుకోలేదు. ఆ మురిపెం లేదని మాత్రం అనను.

దాని లైసెన్సు ఓపెన్ ఫాంట్ లైసెన్సు. దీని ప్రకారం ఫాంటును ఎక్కడైనా వాడవచ్చు, సర్వరులో పెట్టవచ్చు, కత్తిరించవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. విడిగా ఫాంటునే సరుకుగా అమ్మకూడదు. కాపీరైటు ప్రకటన, లైసెన్సు పాఠం ఫాంటు వెంట ఉండాలి. మార్చిన ఫాంటును అదే లైసెన్సు కింద ఇవ్వాలి. కర్త తన ఫాంటు పేరును ప్రత్యేకించి ఉంచుకుంటే, మార్చిన దానికి ఆ పేరు పెట్టకూడదు. ఈ చివరి నియమం చాలామంది చూడరు. పేజీ బరువు తగ్గించడానికి ఫాంటును కోసినా అది మార్పు కిందే లెక్క.

మార్చే హక్కు తెలుగుకు ఎందుకంత ముఖ్యమో శాసన పాఠాలు ఎక్కించేవారికి తెలుసు. యూనికోడ్‌లోకి తెలుగు అక్షరాలు అన్నీ ఒకేసారి రాలేదు. ౘ, ౙ 2008లో చేరాయి. ప్రాచీన శాసనాల్లో కనబడే ౚ 2015లో, నకారపొల్లు 2021లో చేరాయి. అంతకుముందు గీసిన ఫాంటులో ఇవి లేకపోతే ఆ చోట ఖాళీ డబ్బా కనబడుతుంది. మూసిన లైసెన్సయితే అమ్మినవారు దయతలిచి కొత్త కూర్పు ఇచ్చేదాకా ఆగాలి. ఓపెన్ లైసెన్సయితే ఆ ఒక్క అక్షరం గీయించి చేర్చుకోవచ్చు, చేర్చినదాన్ని తిరిగి అందరికీ ఇవ్వవచ్చు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో యూనికోడ్ కన్సార్షియంలో సభ్యత్వం తీసుకుంది. ఆ కాలంలోనే సిలికానాంధ్ర సంస్థ చొరవతో గిడుగు, గురజాడ, సురవరం, ధూర్జటి, తెనాలి రామకృష్ణ వంటి పేర్లతో తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సు కింద వచ్చాయి. వాటిలో గుత్తుల పురుషోత్ కుమార్ 2013లో చేసిన ‘మండలి’ వెబ్ పేజీల్లో నిడివైన పాఠానికీ నప్పుతుంది. ఈ వరుసలో రోమన్ అక్షరాలు అప్పటికే ఓపెన్ లైసెన్సు కింద ఉన్న వేరే ఫాంట్ల నుంచి వచ్చినవి. మార్చుకునే హక్కు లేకపోతే ఆ జోడింపు జరిగేదే కాదు. ఆ తరవాత గూగుల్ నోటో తెలుగు, ఎక్ టైప్ వారి బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు, మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం పుట్టి వెబ్‌కు చేరిన టిరో తెలుగు కూడా ఈ లైసెన్సు కిందికే వచ్చాయి. ప్రభుత్వ సొమ్ము, దాతల సొమ్ము ఒకసారి ఖర్చయి, ఫలం అందరికీ దక్కే ఈ దారే తెలుగు వంటి లిపికి తగినదని నా అభిప్రాయం. కొత్తగా కట్టుకుంటున్న రాజధాని కార్యాలయాలు తమ సైట్లకు ఫాంటు చేయించుకునేటప్పుడు గీసినవారికి మంచి ధర ఇచ్చి, ఫలితాన్ని ఓపెన్‌గా విడుదల చేయాలి.

ఓపెన్ ఫాంటును గూగుల్ సర్వరు నుంచే నేరుగా పిలవడం తేలిక. చాలా సైట్లు అలాగే చేస్తాయి. అప్పుడు చూసేవారి ఐపీ చిరునామా గూగుల్‌కు చేరుతుంది. 2022 జనవరి 20న మ్యూనిక్ జిల్లా కోర్టు ఇది యూరప్ వ్యక్తిగత సమాచార చట్టానికి విరుద్ధమని, సైటు యజమాని 100 యూరోలు చెల్లించాలని తీర్పిచ్చింది. జర్మనీలోని తెలుగువారు చూసే సైటుకు ఇది దూరపు సంగతి కాదు. మనకూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. ఫైలును సొంత సర్వరులో పెట్టుకోవడమే మేలు, లైసెన్సు అందుకు అడ్డురాదు.

ఊళ్ల పేర్ల సైటుకు చివరికి అలాగే చేశాం. హింద్ గుంటూరులో తెలుగు గుర్తులు, వాటి పట్టికలు ఉంచి మిగతాది తీసి, వెబ్ ఫాంట్లకు వాడే వోఫ్ 2 రూపంలోకి మార్చాం. అక్షరాలు అతుక్కోకుండా ఆపే కంటికి కనబడని గుర్తును ఈసారి జాగ్రత్తగా ఉంచాం. రాతలో ఆ గుర్తు పోతే ‘సాఫ్ట్‌వేర్’లో ట వత్తుకు తోడు వ వత్తు కూడా వచ్చి పడుతుంది. ముందు పేజీ తెరిచి ప్రత్తిపాడు, సత్తెనపల్లి, బాపట్ల చూసుకున్నాం. ఆ తరవాత కుర్రవాడు లైసెన్సు పాఠం ఉన్న ఫైలును తెచ్చి ఫాంటు ఫైలు పక్కనే పెట్టాడు.