నెల్లూరు తీరంలో తులిప్ కథ

మన సంఘం సమావేశాలకు వచ్చే మిత్రులలో చాలామందికి పదవీ విరమణ తరువాత పెరటి తోట మీదికి మనసు మళ్లింది. వారిలో ముగ్గురు నలుగురు ఈ మధ్య నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "తులిప్ గడ్డలు పోస్టులో తెప్పించుకోవచ్చునట గదా, మన నెల్లూరులో పూస్తాయా?" అని. ఉద్యోగరీత్యా కోట, వాకాడు, సూళ్లూరుపేట ప్రాంతాలలో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి గనుక చెట్టూ చేమా సంగతి నాకు కాస్త తెలుసునని వారి నమ్మకం. జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు. కాని తులిప్‌ను లోకప్రసిద్ధం చేసిన జాతికీ మన తీరానికీ నాలుగు వందల ఏళ్ల నాటి సంబంధం ఒకటుంది. ముందు అది చెప్పుకుందాం.

తులిప్‌ను అందరూ హాలెండు పువ్వంటారు గాని దాని పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడినుంచి పారశీక, తురుష్క దేశాల తోటలకు చేరింది. పువ్వు తలపాగా ఆకారంలో ఉండడం వల్ల, తలపాగాను చెప్పే తురుష్క పదం నుంచి యూరపువారు దానికి ఈ పేరు పెట్టుకున్నారు. క్లూసియస్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు 1593లో హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయం తోటలో గడ్డలు నాటగా మరుసటి ఏడాది పూశాయి. డచ్చివారి తులిప్ మోజుకు అదే నాంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే డచ్చివారు మన తీరానికి వచ్చారు. విజయనగర ప్రభువు వెంకటపతి రాయల అనుమతితో 1610లో పులికాట్‌లో వర్తకశాల పెట్టుకున్నారు. 1612లో పోర్చుగీసువారు దానిని ధ్వంసం చేయగా, 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. ఇంగ్లీషువారు 1626లో మన దుగరాజపట్నంలో దిగేనాటికే పులికాట్‌లో డచ్చివారు పాతుకుపోయారు. పులికాట్ ఊరు నేడు తమిళనాడులో ఉన్నా సరస్సులో అధిక భాగం మన రాష్ట్రంలోనే ఉంది. ఆ భాగం చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలో చేరింది.

ఇక్కడి నేతగాళ్లు నేసిన బట్టలనూ అద్దకం గుడ్డలనూ తూర్పు దీవులకు తీసుకుపోయి, వాటికి మారుగా లవంగాలు, జాజికాయలు తెచ్చుకోవడం డచ్చివారి వ్యాపారం. కరువు కాలాలలో తిండి లేని మనుషులను బానిసలుగా కొని ఓడలలో బటావియాకు పంపిన పాపమూ వారి ఖాతాలో ఉంది. ఆ తూర్పు వర్తకంతో కూడా ఎదిగిన హాలెండు నగరాలలో కొత్తగా ధనం చేరిన వర్తకులూ వృత్తిదారులూ తులిప్ గడ్డల మీద పందెం కాయసాగారు. గడ్డ ఇంకా నేలలో ఉండగానే కాగితం మీద చేతులు మారేది. అరుదైన రకం ఒక్క గడ్డ ధర ఒక ఇంటి ధరను అందుకుంది. 1637 ఫిబ్రవరిలో ఆ ధరలు ఒక్కసారిగా కూలిపోయాయి. దేశమంతా దివాలా తీసిందన్న మాట అతిశయోక్తి అని తరువాతి చరిత్రకారులు తేల్చారు గాని, కొన్నవారు ఇచ్చిన మాట తప్పడంతో వ్యాజ్యాలు మాత్రం నిజంగానే నడిచాయి. విచిత్రమేమంటే, అందరూ ఎగబడిన ఆ చారల పువ్వుల అందం ఒక జబ్బు. పేనుబంక వల్ల సోకే వైరస్‌తో చారలు వస్తాయని 1928లో గాని తెలియలేదు.

ఇక మిత్రుల ప్రశ్నకు వస్తాను. తులిప్‌లో నేడు వేల రకాలున్నాయి. త్వరగా పూసే ఒంటిరేకు రకాలు, పొడుగు కాడల డార్విన్ హైబ్రిడ్లు, అంచులు చిలక ఈకల్లా చీలిన పారట్ రకాలు, కలువలా కోసుగా విచ్చే లిల్లీ రకాలు. రకం ఏదైనా, గడ్డకు సుమారు మూడు నాలుగు నెలల పాటు బాగా చలి తగలాలి. మన దగ్గర జనవరి రాత్రులు కూడా ఇంచుమించు 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. ముందుగా చలి పట్టించిన గడ్డ ఒకసారి పూస్తే పూయవచ్చు, మరుసటి ఏడు మాత్రం పూయదు. కళ్లారా చూడాలనుకునేవారు మార్చి ఆఖరులోనో ఏప్రిల్‌లోనో శ్రీనగర్ వెళితే మేలు. దాల్ సరస్సు దగ్గర 2007లో తెరిచిన తులిప్ తోట ఉంది.

అంతమాత్రాన మన తీరానికి తులిప్ లేదనుకోకండి. ఇంగ్లీషువారు "ఇండియన్ తులిప్ ట్రీ" అని పిలిచిన చెట్టు మన గంగరావి. తమిళులు దానిని పూవరసు అంటారు. ఆ మాట ఇంగ్లీషువారి నోట నలిగి "పోర్షియా" అయింది. గంగరావికీ తులిప్‌కూ చుట్టరికం లేదు. ఇది బెండ, పత్తి, మందార కుటుంబంలోది. పువ్వు గిన్నె ఆకారాన్ని చూసి పెట్టిన పేరది. కొచ్చిన్‌లో డచ్చి గవర్నరుగా పనిచేసిన వాన్ రీడ్, ఇట్టి అచ్యుతన్ వంటి స్థానిక వైద్యుల సాయంతో మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాల గ్రంథం వేయించాడు. 1678లో వెలువడిన మొదటి సంపుటంలోనే ఈ చెట్టు బొమ్మ ఉంది. అంటే తులిప్ కోసం పిచ్చెత్తిన దేశంవాడే మన తులిప్‌నూ శ్రద్ధగా గ్రంథానికి ఎక్కించాడన్నమాట.

మన తరానికి గంగరావిని పరిచయం చేయనక్కరలేదు. రావి ఆకును పోలిన ఆకు, ఉదయం లేత పసుపుగా విచ్చి వాడేవేళకు ఎర్రబారే పువ్వు. ఆకు చుట్టి బూర ఊదని పిల్లవాడు తీరగ్రామాలలో ఉండేవాడు కాడు. చేవ గల కర్ర గనుక బండ్లకూ పడవలకూ వాడేవారు. గజ్జికి దాని కాయ పసరు రాసేవారు. ఉప్పు గాలికీ ఉప్పు నేలకూ జంకదు. దాని విత్తనం సముద్రం మీద నెలల తరబడి తేలి, మరో ఒడ్డున మొలకెత్తగలదు.

తులిప్ పేరుతో నర్సరీలలో దొరికేవి మరో రెండున్నాయి. ఎర్రని దొన్నెల్లాంటి పూలు పూసే ఆఫ్రికా తులిప్ చెట్టు అందమైనదే గాని కొమ్మలు పెళుసు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినవారికి, ఇంటి పక్కన పెళుసు చెట్టు ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. రెండవది సయాం తులిప్. పసుపు జాతి దుంప. వానలకు గులాబీ రంగులో పూసి, శీతాకాలంలో ఆకు ఎండి నిద్రపోతుంది. కుండీలో పెంచుకోదలచినవారికి నేను చెప్పేది ఇదే.

స్థలమున్నవారు మాత్రం గంగరావిని మరచిపోవద్దు. మా వీధి మొగలో రెండు పెద్ద చెట్లుండేవి. వాటి కిందనే పేపరు చదువుకునేవాళ్లం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండింటినీ ఒకే పూట కొట్టివేశారు. ఇప్పటి పిల్లలు ఫోనులో చూసి తులిప్‌ను గుర్తుపడతారు గాని గంగరావిని చూపిస్తే పేరు చెప్పలేరు. డచ్చివారి కోట శిథిలమైపోయింది. వారి సమాధి రాళ్లు పులికాట్‌లో మిగిలాయి. వారి గ్రంథంలోకెక్కిన చెట్టు మాత్రం మన వీధుల్లో నుంచి పోవడం న్యాయం కాదు.

దీనికి ఖర్చు కూడా లేదు. మణికట్టు లావు కొమ్మను అయిదారడుగుల పొడవున కోసి, అక్టోబరు వానల మొదట్లో, గోడకు పదిహేనడుగుల దూరంలో రెండడుగుల లోతున పాతితే చాలు, వేరూనుతుంది. మొదటి రెండు వేసవులు నీళ్లు పోసి, మేకల నుంచి కాపాడండి. ఆ పని మనుమల చేత చేయించి, మొదటి ఆకు బూర మీరే చుట్టి ఇవ్వండి.