చదరంగం గడుల్లోంచి పుట్టిన ఇరవై అంకెలు

షోలాపూర్ హోట్గి రోడ్డు పట్టుకుని పోతే హోట్గి జంక్షన్ తగులుతుంది. అక్కడ చీలే రైలు పట్టాల్లో ఒకటి విజయపుర వైపు, ఇంకొకటి కలబురగి వైపు వెళ్తుంది. కలబురగికి అవతల మళఖేడ్. రాష్ట్రకూటుల నాటి మాన్యఖేటం అదే. అక్కడినుంచి ఏలిన అమోఘవర్షుడి కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. సాహిత్య చరిత్రలు ఆయన్ని 11వ శతాబ్దపు కవిగా చెబుతాయి.

మల్లన పేరుమీద చదరంగం లెక్క పద్యం ఒకటి ఉంది. మొదటి గడిలో ఒకటి, తర్వాతి గడిలో రెండు, ఆపైన నాలుగు... ఇలా రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గడుల మొత్తం ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. రాజును ధాన్యం అడిగిన కథ అందరూ విన్నదే, వదిలేద్దాం. పద్యం తమాషా వేరు. అందులో అంకె అన్నది కనపడదు. శర అంటే అయిదు, శశి అంటే ఒకటి, వేదమంటే నాలుగు, గగనమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడిస్తే ఇరవై అంకెలూ వరసగా దొరుకుతాయి. తాటాకు మీద ఒక అంకె తప్పు పడితే ఎవరికీ తెలియదు. పద్యంలో మాట జారితే మాత్రం గణం తప్పి దొరికిపోతుంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1000 ప్రాంతంలో, అల్ బిరూని కూడా అరబ్బీలో ఇదే మొత్తం తేల్చాడు.

ఈ మొత్తం ఎంత పెద్దదో నూలుతో కొలిచి చూద్దాం. మొదటి గడికి అంగుళం నూలు అనుకుంటే, సగం పలకకే, అంటే 32 గడులకే, సుమారు 1,09,000 కిలోమీటర్లు. భూమి చుట్టూ రెండున్నర చుట్లు దాటుతుంది. పలకంతా నిండితే ఆ దారం పొడవునా పోవడానికి కాంతికే దాదాపు 49 ఏళ్లన్నర పడుతుంది.

నాకు మాత్రం ఈ సంఖ్య పరిమాణం కన్నా దాని కారణాంకాలే ముచ్చట. వర్గంలోంచి ఒకటి తీస్తే లెక్క రెండుగా విడిపోతుంది: 16లో ఒకటి తీస్తే 15, అది 3×5. 256లో తీస్తే 255, అది 15×17. అలా పోగా పోగా మన సంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297ల లబ్ధమని తేలుతుంది. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి అయిదూ నిజంగా ప్రధానాలే. ఆరోది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపించాడు. అంటే ఫెర్మా నమ్మకమూ, దాన్ని పడగొట్టిన సాక్ష్యమూ రెండూ మల్లన లెక్కలోనే పక్కపక్కన కూర్చున్నాయన్నమాట! ఆ తర్వాత ఆ వరసలో ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా దొరకలేదు.

ఆ మొదటి అయిదింటి లబ్ధమే సగం పలక మొత్తం, 4,29,49,67,295. దీన్ని నిశ్శేషంగా భాగించేవి, ఒకటిని వదిలేస్తే, 31. స్కేలు, వృత్తలేఖినితో గీయగలమని నేటికి తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులు కూడా సరిగ్గా అన్నే. సమబాహు త్రిభుజంతో మొదలై, పదిహేడు భుజాలది దాటి (1796లో దాని దారి కనిపెట్టినప్పుడు గౌస్‌కు ఇంకా పందొమ్మిది నిండలేదు), చివరిదానికి భుజాలు ఆ సగం పలక మొత్తమంత.