తీగ లేని ఇంటి నిఘా కెమెరా: బ్యాటరీ మన్నిక చరిత్ర

కరెంటు తీగ, కేబులు అవసరం లేకుండా లోపలి బ్యాటరీతో నడుస్తూ, వైఫై లేదా సిమ్ కార్డు ద్వారా దృశ్యాలను ఫోనుకు పంపే నిఘా కెమెరాను తీగ లేని కెమెరా అంటారు. ఒకసారి చార్జి చేస్తే ఎన్నాళ్లు పనిచేస్తుందన్నదే దీనికి మొదటినుంచీ ఉన్న చిక్కు. సెల్ పెద్దది కావడం కన్నా, అవసరం లేనప్పుడు కెమెరాను నిద్రపుచ్చే పద్ధతులు కుదరడం వల్లే ఈ మన్నిక ఎక్కువగా పెరిగింది. లిథియం సెల్ తయారీ మొదలైన తిరుపతికీ, వేసవి ఎండ 40 డిగ్రీలు దాటే చిత్తూరు ప్రాంతానికీ ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది.

తీగల కాలం

ఇంటి భద్రతకు కెమెరాను వాడే ఏర్పాటుకు న్యూయార్క్‌కు చెందిన నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, ఆమె భర్త ఆల్బర్ట్ బ్రౌన్ 1966లో పేటెంటు కోరారు. 1969లో అది మంజూరైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు వచ్చిన సీసీ కెమెరాలన్నీ తీగల మీదే ఆధారపడ్డాయి. కరెంటు పోతే కెమెరా కూడా ఆగేది. మన ఊళ్లలో ఆ లోటును ఇన్వర్టర్లు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీర్చాయి. గల్లా రామచంద్ర నాయుడు 1985లో నెలకొల్పిన అమర రాజా సంస్థ తిరుపతి పక్కన కరకంబాడిలో ఈ రకం బ్యాటరీల తయారీని పెద్ద పరిశ్రమగా మార్చింది. అయితే అంత బరువైన బ్యాటరీని గోడకు తగిలించే కెమెరాలో ఇమడ్చలేరు.

అడవి నుంచి ఇంటికి

ఎదురుగా ఏదైనా కదిలినప్పుడే కెమెరా పనిచేయాలన్న ఆలోచన మొదట అడవిలో పుట్టింది. 1920లలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ ఉత్తర భారత అడవుల్లో జంతువుల దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫొటో పడేలా ఏర్పాటు చేశాడు. 1990లలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహోళెలో పులుల లెక్కింపుకు కెమెరా ట్రాప్‌లు వాడారు. తర్వాత తీగ స్థానంలోకి పీఐఆర్ సెన్సర్ వచ్చింది. శరీరం వేడి కదలికను పసిగట్టే ఈ సెన్సర్ తినే కరెంటు చాలా స్వల్పం కాబట్టి ఇంటి కెమెరాలకూ సరిపోయింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి ఒక చిన్నారిని బలిగొన్న తర్వాత, శేషాచలం అడవిలో చిరుతల జాడ కనిపెట్టడానికి అటవీ శాఖ అమర్చినవీ ఈ కోవకు చెందిన కెమెరా ట్రాప్‌లే.

లిథియం, చిప్

1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి దక్కింది. తక్కువ బరువులో ఎక్కువ శక్తి దొరికినా, రోజంతా వీడియో తీస్తే ఆ బ్యాటరీ కూడా నిలవదు. అందుకే కదలిక ఉన్నప్పుడే మేలుకునే కెమెరాలు వచ్చాయి. 2014 డిసెంబరులో నెట్‌గేర్ సంస్థ తీగ లేని ఆర్లో కెమెరాను నాలుగు చిన్న లిథియం సెల్స్‌తో అమ్మకానికి పెట్టింది. తక్కువ కరెంటుతో నడిచే వీడియో చిప్‌ను రూపొందించిన బృందమే బ్లింక్ కెమెరాను తెచ్చింది. రెండు ఏఏ లిథియం సెల్స్‌తో రెండేళ్లు నడుస్తుందని బ్లింక్ సంస్థ ప్రకటించింది. 2017లో అమెజాన్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. 2013లో ఖరారైన హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతి వీడియో పరిమాణాన్ని తగ్గించడంతో, దృశ్యాన్ని పంపడానికి రేడియో పనిచేయాల్సిన సమయమూ తగ్గింది.

లెక్క

5,000 ఎంఏహెచ్, 3.7 వోల్టుల బ్యాటరీలో 18.5 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. మెలకువలో 1 వాటు, నిద్రలో 5 మిల్లీవాట్లు తినే కెమెరాను ఊహిద్దాం. ఎప్పుడూ మేలుకొని ఉంటే అది 19 గంటలైనా నడవదు. రోజుకు 30 సార్లు, 20 సెకన్ల చొప్పున మేలుకుంటే రెండు నెలల పైన వస్తుంది. వీధిలో తిరిగే బండ్లు, ఊగే కొమ్మల వల్ల 120 సార్లు మేలుకుంటే మూడు వారాలు దాటగానే ఖాళీ అవుతుంది.

తిరుపతి, చిత్తూరులలో

ఊరెళ్లేవారి ఇళ్లలో కదలికను పసిగట్టే కెమెరాను పోలీసులే ఉచితంగా అమర్చే ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) పథకాన్ని ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ ఈ ప్రాంతంలోనూ అమలు చేసింది. తాళం వేసిన ఇంట్లోకి ఎవరైనా జొరబడితే కంట్రోల్ రూముకు సమాచారం చేరుతుంది. బ్యాటరీ తయారీకి వస్తే, తిరుపతిలో 2015లో ఏర్పాటైన ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్‌లో మునోత్ సంస్థ 165 కోట్ల రూపాయలతో లిథియం సెల్ కర్మాగారం నిర్మించింది. 2022 సెప్టెంబరులో అప్పటి కేంద్ర సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ అక్కడ ప్రయోగాత్మక ఉత్పత్తిని ప్రారంభించారు. ఏడాదికి 270 మెగావాట్ అవర్ల సామర్థ్యమున్న ఆ కర్మాగారం 10 ఏహెచ్ సెల్స్‌ను రోజుకు 20,000 దాకా తయారు చేయగలదని అప్పుడు ప్రకటించారు.

మన్నికను నిర్ణయించేవి

ఈ ప్రాంతంలో మొదటి శత్రువు ఎండ. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీని చార్జి చేయకూడదని తయారీదారులు సాధారణంగా చెబుతారు. పడమటి ఎండ సూటిగా తగిలే గోడ మీద కెమెరా లోపలి వేడి బయటి గాలి కన్నా ఎక్కువవుతుంది. నిండా చార్జయి వేడిలో ఉండే సెల్ త్వరగా ముసలిదవుతుంది. అందుకే కెమెరాను వసారా నీడలో బిగించి, సోలార్ పలకను మాత్రం మిద్దె మీద ఎండలో పెట్టడం మేలు. గాలి వేడి శరీర ఉష్ణోగ్రతకు దగ్గరైనప్పుడు పీఐఆర్ సెన్సర్ చురుకుదనం తగ్గుతుంది. అలాగని సెన్సిటివిటీని మరీ పెంచితే వృథా క్లిప్పులు పెరుగుతాయి.

రాత్రివేళ ఇన్‌ఫ్రారెడ్ దీపాలు శక్తిని బాగా లాగుతాయి. గుమ్మం దగ్గర చిన్న ఎల్ఈడీ బల్బు వెలిగించి, కెమెరాను రంగుల్లోనే చిత్రించేలా పెడితే ఆ దీపాల అవసరం తప్పుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే కెమెరా అదే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది కాబట్టి రౌటర్ దగ్గరగా ఉండాలి. వీధిని వదిలి గేటు, తలుపు వరకే కదలిక హద్దు గీయాలి. ఊరికే లైవ్ తెరిచి చూడటం మానాలి.

ఉబ్బిన బ్యాటరీని వెంటనే వాడకం నుంచి తీసేయాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం దాన్ని ఇంటి చెత్తలో కలపకుండా, సేకరణ, రీసైక్లింగ్ చేసేవారికే అప్పగించాలి.